పెనిటాలా చేసిన ప్రార్థన

సరుకుల ఓడ నుంచి దిగిన ఆ మనిషి చేతిలో చిన్న సంచీ తప్ప ఏమీ లేదు.

పసిఫిక్ సముద్రంలోని ఆ వైటుపు దీవిలో ఆయనకు చుట్టాలెవరూ లేరు. ఓడ మిగతా దీవులు తిరిగి వచ్చేదాకా ఊరి సభాశాలలో తలదాచుకుంటానన్నాడు. పెద్దలు సరేనన్నారు. కొత్తవాళ్లకు భోజనం పంపే వంతు అప్పుడు మకలీటది.

మకలీటకు భర్త లేడు. ఉన్న ఒక్క కొడుకునూ సముద్రం తీసుకుపోయింది. చాపలు అల్లుకుని బతుకుతోంది.

ఉడకబెట్టిన పులాక దుంప, కాల్చిన చేప తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన తిన్నాడు. కొబ్బరి చిప్పలో నీళ్లు తాగి, అడుగున మిగిలిన చుక్కను కూడా వేలితో తుడిచి నాక్కున్నాడు.

"ఇంకాసిని కావాలంటే తేనా?"

"అలవాటమ్మా, అంతే" అన్నాడు.

పొద్దుగూకాక ప్రార్థన గంట మోగింది. ఇంటింటా కీర్తన మొదలైంది. ఆయన మాత్రం ఒడ్డుకు పోయి ఇసకలో వెల్లకిలా పడుకుని ఆకాశంలోకి చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడూ అంతే.

ఆ మర్నాడు మకలీట ఊరుకోలేకపోయింది. ప్రార్థన కాగానే ఒడ్డుకు వెళ్లింది.

"గంట వినబడలేదా పెద్దాయనా?"

"వినబడింది."

"మరి?"

"ఈ చుక్కల్ని చూస్తున్నా. ఇవన్నీ ఒకడే చేశాడంటావా చెల్లెమ్మా?"

"లేకపోతే మీ తాత చేశాడా?"

ఆయన నవ్వబోయాడు. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

"చేశాడే అనుకో. చేసినవాడు మళ్లీ కిందికి చూస్తాడా?"

"ఎందుకు చూడడు?"

"సముద్రం నడిమధ్య ఒక్క పడవ. పైన ఇన్ని చుక్కలు. ఎంత అరిచినా ఒక్కటీ పలకదు. అప్పుడు కూడా చూస్తాడా?"

మకలీట చప్పున ఆయనకేసి తిరిగింది.

"మా అబ్బాయి పెనిటాలా సంగతి మీకెవరో చెప్పారు."

ఆయన చూపు చుక్కల మీదే ఉంది.

ఆమె ఇసకలో కూలబడింది.

"అప్పుడే చూస్తాడు పెద్దాయనా. పనికని రాజధానికి వెళ్లిన పిల్లాడు, అక్కడెవరో తోడు దొరికితే చేపల వేటకు వెళ్లాడు. ఇంజను ఆగిపోయింది. ప్రవాహం ఎటో లాక్కుపోయింది. తోడు వెళ్లినాయన్ని పరాయి ఓడవాళ్లు కాపాడారు. నా బిడ్డ అప్పటికే పోయాడు."

"ఊఁ."

"బతికినాయన ఎవరో, ఎలా ఉంటాడో నాకు తెలీదు. ఆసుపత్రి మంచం మీంచే మా పాస్టరుగారికి వైర్‌లెస్‌లో కబురు చెప్పించాడు. ఆఖరి ఊపిరి దాకా నా బిడ్డ ప్రార్థన చేస్తూనే ఉన్నాడట. భయపడలేదట. ఆయన చల్లగా ఉండాలి."

అలలు వచ్చి పోతున్నాయి. ఆయన లేచి కూర్చున్నాడు.

"తల్లి ప్రాణం నిలవాలని అలా చెప్పాడేమో."

"అంటే?"

"ఆ అబ్బాయి పైకి చూసీ చూసీ విసిగిపోయాడేమో. అక్కడెవరూ లేరన్నాడేమో. చివరికి అమ్మా అని మాత్రమే..."

మకలీట దిగ్గున లేచింది.

"నా చేతి కూడు తిని నా బిడ్డ మీద ఎంత మాటన్నావు? నీకు దేవుడు లేకపోతే పోనీ. వాడి ప్రార్థన నా దగ్గర్నుంచి లాక్కుంటావా? ఆ ఒక్క మాట పట్టుకునే బతికున్నా. అదే లేకపోతే వాడి వెనకే ఈ నీళ్లలోకి దిగేదాన్ని."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు.

తెల్లారేసరికి సంగతి పాస్టరుగారి చెవిన పడింది. దేవుణ్ణి కాదన్నవాడికి సభాశాలలో చోటు లేదన్నారు పెద్దలు. ఆయన రేవు దగ్గర రేకుల పాకలోకి మారాడు. మకలీట భోజనం పంపలేదు. పొరుగింటావిడ పంపబోతే అడ్డం పడింది.

ఓడ తిరిగొచ్చిన రోజు ఆయన ఆమె గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నేనన్నది తప్పు చెల్లెమ్మా. నీ కొడుకు ప్రార్థన చేశాడు."

"నువ్వు చూశావా?"

ఆయన తల వంచుకున్నాడు.

"చేశాడు. ఆఖరి దాకా చేశాడు. అది నమ్ము."

ఆమె అల్లుతున్న చాప మీంచి తల ఎత్తలేదు. ప్రయాణమయ్యేవాళ్ల చేతిలో లేత కొబ్బరికాయ పెట్టి పంపడం ఆ ఊళ్లో రివాజు. ఆమె వాకిట్లో కాయలు గుట్టగా పడున్నాయి. ఒక్కటీ ఇవ్వలేదు.

ఆయన ఓడ వైపు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు మకలీటకు ప్రార్థనలో మాటలు తడబడ్డాయి. కళ్లు మూసుకుంటే కీర్తన రాలేదు, అమ్మా అన్న పిలుపే వినిపించింది. గుమ్మంలో నిలబడి ఆకాశం వంక చూసేది. అంత పెద్ద ఆకాశం అంతకుముందు ఎప్పుడూ చూసినట్టు లేదు.

మళ్లీ ఓడ వచ్చింది. నావికుడు సెమీసి బియ్యం బస్తా దించి చెమట తుడుచుకున్నాడు.

"ఆ పెద్దాయన పోయాడమ్మా. ఇక్కణ్ణుంచి వెళ్లేటప్పుడే, దారిలో. ఓడ పైన పడుకుని ఆకాశం చూస్తున్నాడనుకున్నాం. తీరా చూస్తే ప్రాణం లేదు."



"పాపం, ఎవరి తాలూకో" అంది మకలీట.

సెమీసి ఆమెను వింతగా చూశాడు.

"నీకు చెప్పుకోవడానికే కదమ్మా వచ్చింది? వచ్చేటప్పుడు ఓడలో మాతో అన్నాడు. ఆ పడవలో మీ పెనిటాలా తల చివరిదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఆయనే."