వీపుకు వీపు

దీక్ష పట్టిన తొమ్మిదో రోజు పొద్దున నర్సమ్మ వెన్నులో వేడి పుట్టింది.

నడుము దగ్గర మొదలై, ఒక్కో పూసా ఎక్కుతూ మెడదాకా పాకింది.

ఆమె కళ్లు తెరవలేదు. మూసిన రెప్పల సందునుంచే నీళ్లు కారాయి.

పదకొండేళ్లుగా ఎదురుచూస్తున్న ఘడియ అది. వెన్నెముక అడుగున కుండలినీ శక్తి చుట్ట చుట్టుకుని నిద్రపోతుందని, అది మేలుకుని పైకి లేస్తే మనిషికి ఇక దుఃఖం అంటదని పెద్దలు చెప్పగా వింది. ఇరవై ఏళ్లుగా ఆసుపత్రిలో చావులు చూసిన మనిషికి ఆ ఒక్క మాట చాలు.

మంచి కోరికే. తప్పుపట్టడానికి లేదు.

ధ్యానమందిరం ఒక బట్టల కొట్టు పైన మేడగది. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. చేరబడడానికి గోడ దొరకని వాళ్లను గురువుగారు ఇద్దరిద్దరిగా, వీపుకు వీపు ఆనించి కూర్చోబెట్టేవారు. మెట్ల దగ్గరే మాట మానాలి. కూర్చోగానే కళ్లు మూయాలి. వెనక ఎవరున్నారో తిరిగి చూడకూడదు.

నర్సమ్మ నియమం ఇంకో మెట్టు పైన. నిద్ర లేచింది మొదలు ఆసుపత్రి గేటు దాటేదాకా మౌనం. నలభై రోజుల దీక్ష.

“ఇన్నేళ్ల కాపురంలో పొద్దుటి పూట నా మాట చెల్లడం ఇదే మొదలు. కుండలిని సంగతేమో గానీ, నా పంట పండింది,” అని ఆమె భర్త నవ్వేవాడు.

వేడి సంగతి చీటీ మీద రాసి గురువుగారికి చూపించింది. ఆయన రెండుసార్లు చదువుకున్నారు.

“మొదటి గుర్తు అదే తల్లీ. జాగ్రత్తగా కాపాడుకో.”

ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. మెట్ల మీద జనం ఆమెకు దారి ఇవ్వసాగారు. తనకు గర్వమేమీ లేదని నర్సమ్మ రోజుకు రెండుసార్లయినా అనుకునేది.

వార్డులో మాత్రం ఎప్పటి మనిషే. నుదుటి మీద అరచెయ్యి ఆనించి జ్వరం ఎంతుందో చెప్పేసేది. అర డిగ్రీ తేడా వచ్చేది కాదు. సిస్టర్ ఉండగా థర్మామీటరు దండగ అనేవాడు డాక్టరు.

ఇరవయ్యో రోజున, చెప్పులు వేసుకునే చోట, ఒక బక్కపలచని ఆడమనిషి వెనకనుంచి ఆమె కొంగు అందుకుంది.

“అమ్మా, ఒక్క మాట.”

నర్సమ్మ పెదాల మీద వేలు పెట్టి చిరునవ్వు నవ్వింది. ఇంకా ఇరవై రోజులని, పది వేళ్లూ రెండుసార్లు విప్పి చూపింది. ఆ మనిషి తల ఊపింది. దణ్ణం పెట్టి పక్కకు తప్పుకుంది.

ఈమెకూ శక్తి సంగతి తెలుసుకోవాలని ఉన్నట్టుంది, అనుకుంది నర్సమ్మ.

ముప్పై నాలుగో రోజున వెన్ను చల్లబడింది.

వెనక వీపు ఆనింది. వేడి రాలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఏం తప్పు చేశానా అని వెతుక్కుంది. వార్డులో ఆయాను కసిరిన సంగతి గుర్తొచ్చింది. వెళ్లి ఆమె చేతులు పట్టుకుని క్షమించమంది. ఆయా బిక్కచచ్చిపోయి, “నన్ను పనిలోంచి తీసేస్తున్నారా సిస్టర్?” అంది.

వేడి మాత్రం తిరిగి రాలేదు. పదకొండేళ్లకు దొరికింది, చేజేతులా పోగొట్టుకున్నాను అనుకుంది. మౌనం చెడకుండా, కొంగు నోట్లో కుక్కుకుని స్నానాల గదిలో ఏడ్చింది.

నలభయ్యో రోజున ధ్యానం ముగిశాక గురువుగారు దీక్ష విప్పించారు.

మెట్ల కింద ఒకాయన నిలబడి ఉన్నాడు. తాళాలు బాగుచేసే మనిషి. వేళ్ల సందుల్లో ఇంకా ఇనుప రజను ఉంది.

“నర్సమ్మగారంటే మీరేనా అమ్మా?”

అలవాటుగా తల ఊపింది. తర్వాత “నేనే” అంది.

“మీ వెనకాల కూర్చునేది మా ఇంటిదమ్మా. పోయి ఆరు రోజులైంది. మీకు చెప్పి రమ్మంది, తను రాకపోతే మీకు ఆనుకోడానికి ఉండదని. మీ మౌనం అయ్యేది ఇవాళేగా, అందుకని ఆగాను.”

“ఏమైంది?”

“జ్వరం. నెల పైనే. విడిచేదే కాదు.”

నర్సమ్మ మెట్ల పక్క కమ్మీని పట్టుకుంది.

“చెమటలు పట్టేవా?”

“తడిసిపోయేది.”

“పొద్దుటికైనా తగ్గేదా?”

“లేదమ్మా. వీపు మీద చెయ్యి వేస్తే పెనమే.”

కింద కొట్టువాడు షట్టరు ఎత్తుతున్నాడు.

“ఆసుపత్రికి ఎందుకు తీసుకురాలేదు?”

“వాళ్లమ్మ ఆ గుమ్మంలోకి నడిచి వెళ్లింది, మోసుకొచ్చాం. అప్పటినుంచీ ఆసుపత్రంటే బెదురు దానికి. కాళ్లావేళ్లా పడ్డా వినలేదు.”

నర్సమ్మకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

“అంత జ్వరంతో ధ్యానానికి ఎలా పంపించావయ్యా?”

అతను తెల్లబోయి ఆమె ముఖంలోకి చూశాడు.

“ధ్యానం ఎక్కడొచ్చమ్మా దానికి? ఇక్కడ ఒక నర్సమ్మ కూర్చుంటుందని ఎవరో చెబితే, మీకు చూపించుకుందామని వచ్చేది.”