ఆరేళ్ల ఇల్లు

మా ఊళ్లో ఇప్పుడు ఇల్లు కొనేటప్పుడు ఎవరూ వాస్తు చూడరు. గోదావరి ఆ ఇంటిని ఎన్నేళ్లకు తీసుకుపోతుందో, కొనేవాడు ఎన్నేళ్లు బతుకుతాడో యంత్రం చెబుతుంది. పెళ్లికి జాతకాలు కలిపినట్టు రిజిస్ట్రారు ఆఫీసులో ఆ రెండూ కలుపుతారు. ఇంకా ఆరేళ్లే బతికే మనిషికి ఇరవయ్యేళ్లు నిలిచే ఇల్లు ఇవ్వరు.

నాకు ఆరు వచ్చింది. నా భార్య భ్రమరాంబకు ఇరవై రెండు. దంపతులైతే ఎక్కువ ఆయుష్షునే చూస్తారు కాబట్టి మాకు మెరక వీధిలో ఇల్లు ఖాయమైంది. వంటగదికి పెద్ద కిటికీ ఉందని ఆవిడ సంబరపడింది. రిజిస్ట్రేషనుకు తొమ్మిది రోజుల ముందు జ్వరం వచ్చి చనిపోయింది.

దినకార్యం అయిన మర్నాడే ఆఫీసుకు పిలిచారు.

"ఆ ఇల్లు వేరేవాళ్లకి వెళ్లిపోయిందండి బాబాయిగారూ," అంది గుమస్తా సుభాషిణి. "మీకు రేవు పక్కది వచ్చింది. గాలికి లోటుండదండి."

"నీళ్లకీ ఉండదు."

"మీరు మరీనండి. ఆరేళ్లదాకా రావంట కదండీ."

"ఆవిడకి ఇరవై రెండని చెప్పింది కూడా ఈ యంత్రమే కదమ్మా. నా విషయంలోనూ తప్పి, ఏడో ఏడు బతికే ఉంటే నేనెక్కడికి పోను?"

ఆ పిల్ల తెరమీద పాత రికార్డులు వెతికింది.

"అలా అడుగుతా ఇంతవరకూ ఎవరూ తిరిగి రాలేదండి," అంది.

ఎలా వస్తారు? ఇంటితోపాటే వాళ్లూ కొట్టుకుపోయి ఉంటారు. నేను వేలిముద్ర వేసి తాళం తీసుకున్నాను.