మెతుకు మొక్కు

“మింగు బిడ్డా, మెల్లగ మింగు. పొలమారుతదేమో, చూసుకో!”

నరేష్ కళ్లు మూసుకున్నాడు. పెరుగన్నం ముద్ద ఎక్కడా ఆగకుండా గొంతు దాటింది. భార్య సుచిత్ర నీళ్ల గ్లాసుతో పక్కనే నిలబడింది. తల్లి రాజమ్మ ఊపిరి బిగబట్టి కొడుకు కంఠం వంకే చూస్తోంది.

“దిగిందే అమ్మా!”

నరేష్‌కు అన్నవాహికలో క్యాన్సర్ అని తేలాక ఆ మీర్‌పేట కిరాయి ఇంట్లో పొయ్యి సరిగా వెలిగింది లేదు. ఎల్‌బీనగర్ దవాఖానలో రేడియేషన్ కరెంటు పెట్టించారు. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోశారు. అప్పుడే రాజమ్మ, గుట్ట నర్సన్నకు మొక్కుకున్నానని చెప్పింది. కొడుకు అన్నం మింగేదాకా తానూ మెతుకు ముట్టదట. అప్పటినుంచీ ఆమెకు జావ, మజ్జిగే. మనిషి చిక్కి సగమైంది. “తల్లంటే మా అత్తమ్మనే” అని సుచిత్ర దిల్‌సుఖ్‌నగర్‌లో తాను పనిచేసే చీరల షాపులో అందరికీ చెప్పుకునేది.

గొట్టం తీశారు. ఇవాళ అన్నం పెట్టమన్నాడు డాక్టరు.

“ఇగ నీ మొక్కు తీరింది. నోరు తెరువ్,” అని నరేష్ తన కంచంలోంచే ముద్ద చేసి చాచాడు.

రాజమ్మ వెనక్కి జరిగింది. “ఇయ్యాల శనివారం, ఒక్కపొద్దు. రేపు తింటలే.”

“పొద్దుగాల శుక్రవారమని గడప కడిగినవ్ గదత్తమ్మా!” నవ్వింది సుచిత్ర.

“గుట్టకు పోయొచ్చినంక తింట.”

“నేనే తోల్కపోత. ముందుగాల ఇది తిను.”

రాజమ్మ తల తిప్పుకుంది. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. నరేష్ ముఖం నల్లబడింది. మొన్న చూడటానికొచ్చిన మేనత్త వేదవతి, ఈ రోగం అంటుకుంటుందేమోనని, అతని గ్లాసు వేరే పెట్టమంది. ఆమెను వాకిట్లోనే దులిపి పంపింది ఈ అమ్మే.

“నువ్వు గూడనా అమ్మా? నా ఎంగిలి తింటే నీకు అంటుకుంటదా?”

“ఛీ, గవేం మాటల్రా!”

“మరి తిను.”

ఆమె నోరు తెరిచింది. ముద్దను చాలాసేపు నమిలింది. ఉన్నట్టుండి లేచి వంటింట్లోకి ఉరికింది. వెనకే వెళ్లిన నరేష్‌కు సింకులో ముద్దంతా కనబడింది.

“ఉమ్మేసినవ్.” అతను సింకు వైపు వేలు చూపాడు. “గొట్టంతోని పండుకుంటే నా పక్కల కూసున్నదంతా నాటకమేనా? మేనత్త నయం, మొకం మీద జెప్పింది. కన్నతల్లివి, నువ్వే నన్ను వెలేసినవ్!”

గుమ్మంలో నిలబడ్డ సుచిత్ర కూడా అత్త ముఖం చూడలేక తల దించుకుంది.

రాజమ్మ సింకు అంచు పట్టుకుని, కళ్లనీళ్లతో కొడుకు వైపు తిరిగింది.

“నాకూ దిగుతలేదు బిడ్డా.”