మునిమనవడి పొత్తిగుడ్డలు

“మందుల షాపుల డైపర్లు దొరుకుతయి తియ్యత్తమ్మా. గవే కొంటం,” అంది మంజులత, అత్త మంచం మీది దుప్పటి సర్దుతూ.

శారదమ్మ ఉలిక్కిపడింది. మనవడు శ్రవణ్ భార్య ప్రియాంకకు ఏడో నెల అని ఆ పొద్దునే కోడలు చల్లగా చెవిలో వేసింది. ఇంతలోనే కొన్న సరుకు మాట.

“పుట్టిన పిల్లగానికి కొన్న గుడ్డ తగిలిస్తవా? ముసలోళ్లు కట్టి కట్టి మెత్తవడ్డ చీర మీద పండవెడితే, ముసలోళ్లంత ఆయుష్షు. మీ అవ్వ జెప్పలేదా?”

“మెత్తటి నూలు చీరలు ఇప్పుడెవరింట్ల ఉన్నయత్తమ్మా? నావన్నీ జారుడు చీరలే.”

అంతే అంది మంజులత. వెళ్లి మళ్లీ కుట్టు మిషన్ ముందు కూర్చుంది. ఊళ్లో సగం జాకెట్లు ఆమె కుట్టినవే.

శారదమ్మ ఒకప్పుడు చీరల మూట వ్యాపారం చేసింది. భర్త వెంకటరాజం మగ్గం మీద నేస్తే, ఆమె నెత్తిన పెట్టుకుని చౌటుప్పల్ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి అమ్మింది. బేరంలో ముందు నోరు తెరిచినవాడే నష్టపోతాడని ఆమె లెక్క. ఆ లెక్క మీదే ఇల్లు నిలబెట్టింది.

వెంకటరాజం ప్రత్యేకంగా ఆమె కోసం నేసిన చీరలు మంచం కింద ట్రంకు పెట్టెలో ఉన్నాయి. వాకిట్లో జారిపడ్డప్పటి నుంచి ఆమెకు కోడలు తొడిగే నైటీలే గతి. కాళ్లలో సత్తువ లేదు. ఎవరైనా చెయ్యి అందిస్తే మాత్రం బాత్రూం దాకా నడుస్తుంది. “మంజులా” అని కేకేస్తే మిషన్ ఆగుతుంది, కోడలు వస్తుంది. పెట్టె తాళంచెవి ఇంకా శారదమ్మ మెడలో నల్లదారానికే ఉంది. ఒకసారి కోడలు చీరలు అడిగితే, “నేను పోయినంక తీసుకో” అని తెగేసి చెప్పింది.

ఇప్పుడు కోడలు అడగడం లేదు. అదే శారదమ్మను కుదురుగా ఉండనివ్వలేదు.

సాయంత్రం చాయ్ తాగుతూ తనే అంది.

“నా పెట్టెల ఉన్నయి గద.”

“వద్దత్తమ్మా. గవి మామ నేసినయి. నీకు పాణం.”

“పాణం గాబట్టే ఇస్తున్న. మునిమనవడి కంటే ఎక్కువనా?”

మంజులత కాసేపు బెట్టు చేసి, సరేనంది. ముందు నోరు తెరిచింది తనేనని శారదమ్మకు తట్టలేదు.

“జర ప్రియాంకకు ఫోన్ కలుపు. మాట్లాడుత.”

“ఇప్పుడే ఎవరికీ చెప్పొద్దన్నదత్తమ్మా. దిష్టి తగులుతదట.”

“తెలివిగల్లది. మూట విప్పకముందే సరుకు ముచ్చట చెప్పొద్దు,” అని శారదమ్మ మెచ్చుకుంది.

మరునాడు పొద్దున్నే మంచం మీదే కూర్చుని, కత్తెరతో గాటు పెట్టి చీరలు చింపింది. ఇచ్చినవాళ్లే చింపాలి, అప్పుడే ఆయుష్షు అందుతుంది. మొదటి చీర చిరుగుతుంటే గుండె కలుక్కుమంది. తర్వాత చెయ్యి అలవాటు పడింది.

“అంచులు తీసెయ్యత్తమ్మా. మెత్తటి తోలు ఒరుసుకుంటే పుండైతది,” అంది కోడలు.

“నాకు జెప్తున్నవా?”

“ఇంక జర పెద్దగ చింపు.”

“పిల్లగానికా, బర్రెదూడకా? జానెడు సరిపోతది.”

“మడతలు పెడితే సరిపోవాలె గద. బిడ్డ పెద్దగున్నదన్నరట డాక్టరమ్మ.”

శారదమ్మ మురిసిపోయింది. “మీ మామ పోలిక,” అంటూ ఇంకో మూర పెంచి చింపింది.

కొడుకు ఐలేశం ఆ గుడ్డలను మరిగే నీళ్లలో ఉడకబెట్టి, దండెం మీద ఆరేశాడు. తల్లి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మగోడు, గీ పనులంటే సిగ్గు, అనుకుంది ఆమె. ఎండలో రంగురంగుల ముక్కలు ఊగుతుంటే కిటికీలోంచి చూస్తూ, ఎదురింటి బిక్షమ్మను కేకేసి పిలిచి మరీ చూపించింది.

“నూలంటే గిది. ఎంత కట్టినా చెమట పీలుస్తది. ఎన్ని నీళ్లు పోసినా తాగుతది.”

“నీ చీరలు నీ కండ్లముందే గట్ల చింపుకుంటివేందమ్మా?” అంది బిక్షమ్మ.

“పెట్టెల పెడితే పురుగులకు లాభం. పిల్లగాని కింద పరిస్తే నాకు లాభం.”

ఆరిన గుడ్డలను ఒళ్లో పెట్టుకుని శారదమ్మే మడతలు వేసింది. కోడలి చేతికిస్తూ ఒక్కటే మాట గట్టిగా చెప్పింది.

“పుట్టకముందు చింపొచ్చు గానీ, సూది పెట్టొద్దు. బిడ్డకు కీడు. జర యాదిపెట్టుకో.”

“సరే అత్తమ్మా.”

ఆ మధ్యాహ్నమంతా మిషన్ ఆగకుండా నడిచింది. పెండ్లిళ్ల కాలం, జాకెట్ల గిరాకీ బాగుంది అనుకుంటూ శారదమ్మ కునుకు తీసింది. పిల్లగాడు గులాబిరంగు ముక్క మీద కాళ్లు కొట్టుకుంటున్నట్టు కల వచ్చింది.

తెల్లారింది. శారదమ్మ ఎప్పటిలాగే “మంజులా” అని పిలిచి, లేవడానికి చెయ్యి చాచింది.

మంజులత వచ్చింది. చెయ్యి అందుకోలేదు. ఆమె చేతిలో గులాబిరంగు గుడ్డ ఉంది. మూడు నాలుగు పొరలు వేసి, అడుగున ప్లాస్టిక్ కవరు పెట్టి, నాలుగు వైపులా గట్టిగా కుట్టి ఉంది.

శారదమ్మ చాచిన చేత్తోనే ఆ కుట్టు తడిమింది.

“కుట్టినవా? సూది పెట్టొద్దంటి గదనే. పుట్టేటి పిల్లగానికి కీడు గద.”

“పుట్టేటోళ్లు ఎవ్వరూ లేరత్తమ్మా, ఇగ బాత్రూంకని నన్ను మిషన్ కాడినుంచి లేపకు, దీంట్లనే పోసుకో,” అంటూ మంజులత ఆ గుడ్డను అత్త నడుము కిందికి తోసింది.