క్రోటన్ అలిగింది

ఈసారి ఏడు ఆకులు రాలాయి. భూలక్ష్మి చీపురు పక్కన పడేసి ఒక్కొక్కటే ఏరి ఒళ్లో వేసుకుంది. ఎరుపూ పసుపూ కలిసిన నిండు ఆకులు, రాలే వయసు కూడా కాదు. ఇంతకు ముందు రెండుసార్లు ఇలాగే రాలితే నీళ్లు ఎక్కువయ్యాయేమో అనుకుని ఊరుకుంది.

ఆ క్రోటన్ మొక్కను కింది వాటాలో ఉండే కోటేశ్వరమ్మ ఇచ్చింది. ఆవిడది గుడివాడ వైపు. దిల్‌సుఖ్‌నగర్ వచ్చి ఇరవై ఏళ్లయినా మాట మాత్రం మారలేదు. మొక్క ఇచ్చిననాడు కూతుర్ని కాపురానికి పంపుతున్నట్టు జాగ్రత్తలన్నీ అప్పజెప్పింది. పైమట్టి ఆరాకే నీళ్లు పోయాలట, తడిగుడ్డతో ఆకులు తుడవాలట. వెలుగు తగలాలి గాని ఎండ తగలకూడదట. అన్నిటికంటే ముఖ్యంగా, కుదురుకున్న చోటు నుంచి కదపకూడదట. కదిపితే అలిగి ఆకులు రాల్చేస్తుందట. భూలక్ష్మి ఒక్కటీ తప్పలేదు. హాల్లో గోడవారన పెట్టిన కుండీని ఊడ్చేటప్పుడు కూడా జరపకుండా చుట్టూ ఊడ్చేది.

అయితే ఆమె కడుపులో మంట మొక్క గురించి కాదు. కొడుకు శ్రీధర్ జైలుకు పోయి ఆ రోజుకు ఐదో రోజు.

యూనివర్సిటీలో చదువు పక్కన పెట్టి తెలంగాణ అంటూ తిరుగుతున్నాడు. హాస్టల్లో పక్కగది పిల్లగాడు తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్నాక వీడికి మాట తగ్గి మొండితనం పెరిగింది. ప్రతి ర్యాలీకి ముందురోజు మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చేవాడు. తల్లి ఉరుకులు పరుగుల మీద మాంసం తెచ్చి వండేది. తెల్లారి గడప దాటి వీధి మలుపు తిరిగేసరికి పోలీసులు పట్టుకునేవారు. మూడు ర్యాలీలకూ అదే వరస. మొదటి రెండుసార్లు ర్యాలీ అయ్యాక వదిలేశారు. ఈసారి కేసు పెట్టి జైలుకు పంపారు.

వాడొచ్చిన సంగతి వాళ్లకెలా తెలుస్తోందని ఆమె భర్త కోదండాన్ని ఎన్నోసార్లు అడిగింది. ఎల్బీనగర్‌లో బట్టలకొట్టు ఉద్యోగం చేసి, మోకాళ్లు అరిగి, మెట్లు దిగడమే మానేసిన మనిషి. ఏమో అని కళ్లు మూసుకునేవాడు. ఇంట్లో ఉన్న ఒక్క సెల్‌ఫోనూ ఎప్పుడూ ఆమె దగ్గరే ఉంటుంది. ఇక మిగిలింది, శ్రీధర్ వచ్చినప్పుడల్లా మెట్ల మీద పలకరించే కోటేశ్వరమ్మ. ఆవిడ తమ్ముడిది పోలీసు ఉద్యోగం.

ఆ ఆలోచన రాగానే భూలక్ష్మి ఒళ్లు భగ్గుమంది. కుండీ ఎత్తుకుని కిందికి దిగి, కోటేశ్వరమ్మ గుమ్మం ముందు దబ్బున పెట్టింది.

"నీ మొక్క నువ్వే పెట్టుకో అక్కా. చేతులార అన్నం పెట్టినవు నా కొడుక్కు. గట్లనే చేతులార పట్టిచ్చినవు. మీ ఆంధ్రోళ్లను నమ్ముడే నాది తప్పు."

కోటేశ్వరమ్మ ముఖం పాలిపోయింది. తమ్ముడితో మాటలు లేక రెండేళ్లయిందని, శ్రీధర్ తన కళ్ల ముందు పెరిగిన పిల్లాడని ఏదో చెప్పబోయి, ఈవిడ వినేలా లేదని ఆగిపోయింది. కళ్లు తుడుచుకుంటూ మొక్కను లోపలికి తీసుకోబోయి, ఒక ఆకు తిప్పి చూసింది.

"దీన్ని కిటికీలో ఎందుకు పెట్టావు భూలక్ష్మీ?"

"నేనేడ పెట్టిన? ఉన్నకాడికెళ్లి జరపనే లేదు."

"జరిగింది. ఇదిగో, ఈ ఒక్కవైపు ఆకులు ఎండకు మాడాయి. మళ్లీ తెచ్చి పెట్టేటప్పుడు నువ్వు చూడకుండా ఆ వైపు గోడకి తిప్పేశారు ఎవరో."

భూలక్ష్మి వంగి చూసింది. నిజమే. ఇంట్లో ఉండేదే ఇద్దరు. శ్రీధర్ వచ్చిన ప్రతిసారీ తను బజారుకు పోయి వచ్చేదాకా ఒక గంట పడుతుంది. కిటికీ కింద రోడ్డుకు అవతల టీకొట్టు.

కుండీ అక్కడే వదిలేసి మెట్లెక్కింది. కోదండం కుర్చీలో అలాగే కూర్చుని ఉన్నాడు.

"కుండి కిటికీల ఎవలు పెట్టిండ్రు?"

అబద్ధం ఆడతాడనుకుంది. ఆడలేదు. తనే పెట్టానన్నాడు. టీకొట్టు దగ్గర మఫ్టీలో ఒక పోలీసు ఉంటాడని, ఆమె లేనప్పుడు ఒకరోజు ఇంటికొచ్చి మాట్లాడాడని, కుండీ కనిపిస్తే కొడుకు ఇంట్లో ఉన్నట్టు గుర్తని నెమ్మదిగా చెప్పాడు.

ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి ఆమెకు ఆ క్షణంలో పరాయివాడైపోయాడు. పాపం ఆ కోటేశ్వరమ్మను అనరాని మాటలన్నది ఈ మనిషి కోసమా అనిపించి దుఃఖం పొంగుకొచ్చింది.

"కన్నకొడుకును పట్టిచ్చినవా? గంత పాపం ఎట్ల చెయ్యబుద్దయింది నీకు? వాడు బయటికొచ్చినంక మొఖం ఎట్ల చూపిస్తవు?"

కోదండం అంగీ లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. శ్రీధర్ సంచిలో రెండు నెలల కింద దొరికిందన్నాడు. విప్పకుండానే ఆమె చేతిలో పెట్టాడు.

"ర్యాలీల పాణం తీసుకుంటా అని రాసిపెట్టిండు, భూలక్ష్మీ."