అద్దింటి అత్తయ్య పేరున

“సభ మొదలవకముందే మీ నాన్నతో ఒక్క మాట చెప్పాలమ్మా. పేపర్లో చూసి, బస్సులు మారి మరీ వచ్చాను.”

తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లను కూర్చోబెడుతున్న కూతురికి తల ప్రాణం తోకకొచ్చింది. చేతికర్ర పట్టుకున్న ఆ పెద్దావిడ పట్టిన పట్టు విడిచే రకంలా లేదు.

“అయ్యాక తీరిగ్గా మాట్లాడండి పెద్దమ్మా. వారం రోజులుగా ఆ ఉపన్యాసం అద్దం ముందు చదువుకుంటూ ఏడుస్తున్నారు. ఇప్పుడు కదిలిస్తే మొదటికే మోసం వస్తుంది.”

“అయ్యాక చెప్పి ఏం లాభం?” పెద్దావిడ గొణిగింది.

ఎందుకైనా మంచిదని ఆవిడను చివరి వరుసలో కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చుంది కూతురు. వేదిక మీద పెద్ద అక్షరాల్లో ‘అద్దింటి అత్తయ్య స్మారక విద్యార్థి వేతనం’ అని ఉంది. ఇంజనీరింగ్ పరీక్షలు తప్పినవాళ్లకే ఇస్తారు. ఇంటిల్లిపాదీ తలా కాస్తా వేసుకుని పెట్టారు. పాసైనవాళ్లకు ఎవరైనా ఇస్తారని నాన్న వాదన.

“ఫొటో పెట్టలేదేం?”

“దొరకలేదండీ. ఆవిడ మీకు తెలుసా?”

“తెలియకేం? ఒకే కంచం, ఒకే మంచం.”

“చాలా మంచావిడట కదా!”

“ఎవరు, అదా? ఉత్త గయ్యాళి! దాని గొంతు వినబడితే పాలవాడు సైకిలు దిగి నడిచేవాడు.”

కూతురికి ఒళ్లు మండింది. తోటికోడలై ఉంటుంది, మనిషి పోయినా కక్ష పోలేదన్నమాట అనుకుంది.

నాన్న మైకు ముందుకొచ్చాడు.

“రెండో ఏడాది మూడు సబ్జెక్టులు తప్పాను. చదువు నావల్ల కాదని పెట్టె సర్దేశాను. నేను అద్దెకున్న ఇంటావిడను అత్తయ్య అని పిలిచేవాణ్ని. స్నానం చేసొచ్చేసరికి పెట్టె మాయం! ‘పాసైన రోజున ఇస్తా, అందాకా నోర్మూసుకుని చదువు’ అంది. ఒంటిమీది చొక్కానే ఉతికి ఆరేసుకుంటూ పరీక్షలు రాశాను.”

హాలంతా గొల్లుమంది. పెద్దావిడ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఆ తర్వాత ఉద్యోగాలు, ఊళ్లు... ఎన్నాళ్లకో వెతుక్కుంటూ వెళ్తే ఆ ఇల్లున్నచోట మేడ లేచింది. ‘ఆవిడ పోయి చాలా ఏళ్లయింది’ అన్నారు పక్కింటివాళ్లు.” ఆయన ఉపన్యాసం కాగితం మడిచేశాడు. “నేను ఇంజనీరునయ్యానని ఒక్కసారి చెప్పుకోలేకపోయాను.”

వేతనం అందుకున్న అమ్మాయి మైకు తీసుకుంది.

“నాకు తప్పింది నాలుగండీ. సారు రికార్డు బద్దలు కొట్టాను.” చప్పట్లు మోగాయి. “చదువు మానేద్దామనుకున్నాను. ఇవాళ మా అమ్మ ముందు వరుసలో కూర్చుని నవ్వుతోంది. ఆ అత్తయ్యగారిని నేను చూడలేదు గానీ, ఆవిడ పరువు మాత్రం తియ్యను.”

పెద్దావిడ కళ్లు తుడుచుకుని లేచింది.

“నాన్నతో ఏదో చెప్పాలన్నారు?”

“వద్దులేమ్మా. నిక్షేపంలా జరుగుతున్నదాన్ని చెడగొట్టడమెందుకు? ఆ పిల్ల చదువుకోనీ.”

ఏ పాత గొడవో మింగేసింది, అంతే చాలనుకుని కూతురు ఆవిడ చెయ్యి పట్టుకుని తలుపు వైపు నడిపించింది.

వేదిక మీద నాన్న నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. మోకాళ్ల నొప్పులని మెట్లెక్కడానికి వంద వంకలు పెట్టే మనిషి, కుర్చీలు తోసుకుంటూ తలుపు దాకా పరుగెత్తుకొచ్చాడు. పెద్దావిడ చేతులు రెండూ పట్టుకున్నాడు.

ఆవిడ కర్ర కిందపడేసి, ఆయన చెవి పట్టుకుంది.

“నేను పోయింది వేరే ఊరికిరా, వెధవా!”