ఆటో వెనక కారు

“మన బండి మీద ఆ చచ్చిన కారు బొమ్మ ఏసేదానికి నేను ఒప్పుకోను బావా,” అన్నాడు కుమారేశన్.

దాసప్పకు ఒళ్ళు మండిపోయింది. చచ్చిన కారట! చేతిలో ఉన్న కారు బొమ్మ కాగితాన్ని పెయింటర్ ఆంజప్ప ముఖం ముందు పెట్టి, దీన్ని చూసి ఆ మాట అనడానికి నోరెట్లా వస్తుందో నువ్వే చెప్పమన్నాడు.  ఆంజప్ప కాగితం తీసుకుని, ముందు మీరిద్దరూ ఒక మాట మీదికి రండి, ఆ తర్వాత కుంచె తడుపుతానన్నాడు.

తొంభై ఎనిమిదిలో ఆయుధపూజకు ముందు రోజు సంగతిది. బావా బామ్మర్దులిద్దరూ కలిసి కొత్త ఆటో కొన్నారు. పగలు ఒకరు, రాత్రి ఒకరు తోలాలని ఒప్పందం. దాన్ని తెచ్చి హోసూరు రాయకోట రోడ్డులో ఆంజప్ప బోర్డుల అంగడి ముందు, సగం రోడ్డుకు అడ్డంగా నిలబెట్టారు. వెనక రేకు మీద స్పోర్ట్స్ కారు బొమ్మ ఉండాలన్న దాంట్లో ఇద్దరికీ తేడా లేదు. ఏ కారన్నదే తగువు.

దాసప్పది అరవైల నాటి ఇటలీ కారు. గుండ్రటి దీపాలు, పొడుగాటి ముక్కు, ఎర్రటి ఎరుపు. పాత పుస్తకాల అంగట్లో దొరికిన ఆ కాగితాన్ని పెళ్ళికి ముందు నుంచీ మంచం పక్క గోడకు అతికించుకుని, ఇప్పుడు జాగ్రత్తగా ఊడదీసి తెచ్చాడు. కుమారేశన్‌ది కొత్త రకం. తాను తెచ్చిన పోస్టరులో అది పసుపు పచ్చగా, నేలకు అతుక్కున్నట్టు ఉంటుంది, తలుపులు రెక్కల్లాగా పైకి లేస్తాయి. ఈ రెండింటిలో ఒక్కదాన్నైనా వీళ్ళు కంటితో చూసిన పాపాన పోలేదు. అయినా ఆ ఇంజిన్ల గురించి మాట్లాడటం వింటే, రోజూ విప్పి బిగించేది వీళ్ళేననుకోవాలి.

కాలేజీ పిల్లలు ఎక్కాలంటే బండి కొత్తగా కనబడాలన్నాడు కుమారేశన్. ఆ పాతదాంట్లో ఏసీ కూడా ఉండదని, ఎండలో కృష్ణగిరి దాకా తోలితే పొగ కక్కుతుందని అన్నాడు. కొత్తదాన్ని తోలేది మనిషి కాదు, కంప్యూటరన్నాడు దాసప్ప. పాతదాన్ని లొంగదీసుకోవాలంటే చేతిలో పస ఉండాలట. దాని రేకును మనుషులు సుత్తితో కొట్టి కొట్టి వంచారట.

“నీది కారా అది? లారీ తొక్కిన చెప్పు మాదిరి ఉండాది,” అన్నాడు.

“నీది పాత ఇనుము అంగడికి ఏసేది బావా. ఊరికే ఇచ్చినా నేను ఎక్కను.”

దాసప్ప తువ్వాలు విదిలించి భుజాన వేసుకున్నాడు. “అట్లనా? అయితే ఈ బండే నాకొద్దు. రేపు పూజ నువ్వొక్కడివే చేసుకో. నీ దావ నీది, నా దావ నాది.”

కుమారేశన్ ముఖం పాలిపోయింది. ఒక్కడే అయితే ఆటో సగం పూట ఇంటి ముందు పడి ఉండాల్సిందే. పైగా దాసప్ప భార్యైన అక్క పిల్లమ్మ తనను మళ్ళీ గడప తొక్కనివ్వదు. అయినా రోషం అడ్డమొచ్చి తల దించుకుని నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి హారన్ మోగింది. దుమ్ము కొట్టుకుపోయిన కారొకటి ఆగి ఉంది. బూడిద రంగు, అదీ సగం లేచిపోయింది. ఒక గుండ్రటి దీపానికి అట్ట కట్టారు, పొడుగాటి బానెట్టు లేవకుండా తాడు చుట్టారు, వెనక గులాబీల బుట్టలు కట్టారు. తోలుతున్న పెద్దాయన తల బయటికి పెట్టాడు.

“రవంత పక్కకి తీయప్పా. నా బండి బాగా కిందికుండాది. ఆ పక్క గుంతలో దిగితే అడుగు తగులుతాది.”

“తగిలితే తగలనీ,” అని దాసప్ప అతని మీద విరుచుకుపడ్డాడు. “ఇనుము అంగడికి ఏయాల్సిన డబ్బాని రోడ్డు మీదికి తెచ్చేది కాక, మమ్మల్ని పక్కకి తీయమంటావా? ఈడ ముఖ్యమైన మాట నడస్తా ఉండాది, అగుపడలే?”

కనీసం ఆ నెరిసిన తలకైనా మర్యాద ఇచ్చి ఉండొచ్చు. కానీ దాసప్పకు ఆ పూట ఎవరి మీదైనా అరవాలి, ఈయన దొరికాడు.  పెద్దాయన మెల్లగా కారును గుంతలోకి దించాడు. అడుగు కర్రుమని రాసుకుంది, బుట్టలు ఒరిగాయి, నాలుగు గులాబీలు బురదలో పడ్డాయి. కారు ఎట్లాగో గట్టెక్కి, ఒక్కసారి గర్జించి, బస్టాండు వైపు వెళ్ళిపోయింది. కుమారేశన్ అటు తల కూడా తిప్పలేదు.

దాసప్ప మళ్ళీ బామ్మర్ది వైపు తిరిగాడు. 

“పాతదంటే మీకందరికీ అంత చులకన. అట్లాంటి కారు నా జన్మలో ఒక్కసారి నా ముందరికి వచ్చిందనుకో, దావ ఇడిచి, చేతులు కట్టుకొని నిలబడతాను రా నేను. నీకేం తెలుసు దాని విలువ?”

తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. బావ కంట్లో నీళ్ళు కుమారేశన్ ఎప్పుడూ చూడలేదు. రోషమంతా దిగిపోయింది. తన పోస్టరును చుట్టచుట్టి సీటు కింద పెట్టేశాడు.

“సరే బావా. నీదే ఏయించు. రేపు పూజకి మాత్రం నువ్వు రావాల.”

దాసప్ప బామ్మర్ది భుజం తట్టాడు. ఛాతీ విరుచుకుని, ఇంకేం చూస్తావు మొదలుపెట్టమని ఆంజప్పను తొందరపెట్టాడు.

ఆంజప్ప మాత్రం బస్టాండు వైపే చూస్తున్నాడు. మళ్ళీ చేతిలోని కాగితం చూశాడు.

“దాసప్పన్నా,” అన్నాడు, “ఈ కాగితంలో మాదిరి ఎర్ర రంగే ఏయాలా, లేకుంటే ఇప్పుడు నువ్వు తిట్టి గుంతలో దించి పంపినావే, దాని మాదిరి బూడిద రంగు ఏసేదా?”